లోపలి మడత

జనవరి పదకొండున బాయిలర్ చచ్చిపోయింది.
డెవన్ అవెన్యూలో నా దుకాణం అద్దానికి
లోపలినుంచి మంచు పట్టింది.
రెఫూహియో ఇస్త్రీ బల్లను
చల్లబడ్డ మనిషిని తడిమినట్టు తడిమి
నావైపు చూసింది.
ఆమెకు తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు.
"ఎంతవుతుంది?" అనే చూపు మాత్రం
షికాగో అంతటా ఒకటే.

ఇరవై వేలు.

పెద్ద బ్యాంకులో వెచ్చగా ఉంది.
కోటు వేసుకున్న కుర్రాడు
(భుజాలు అరంగుళం ఎక్కువ, నాకిస్తే సరిచేసేదాన్ని)
ఇంత చిన్న అప్పులు కంప్యూటరే చూస్తుందన్నాడు.
కంప్యూటరు నన్ను రెండు నిమిషాలు చూసింది.
పదిహేనేళ్ళ కుట్లు దానికి కనబడలేదు.

ప్రభుత్వం హామీ ఉండే అప్పు ఇంకొకటుందట.
కాగితాలు అరచెయ్యంత మందం,
చేతికొచ్చేసరికి వేసవి.
అందాకా ఊళ్ళో చొక్కాలు నలిగే ఉంటాయా?

షాంబర్గ్‌లో భ్రమరాంబగారి చిట్టీ ఉంది.
నాలుగు వేలు వదులుకుని పాడితేగాని దక్కదు.
పైగా అందరూ నా జాకెట్లు తొడుక్కునేవాళ్ళే.
ఒక్క నెల తప్పానా,
వాళ్ళ కొలతలు నా దగ్గరుండటం పోయి
నా కొలత వాళ్ళ దగ్గరుంటుంది.

ఆ రాత్రి ఫోన్లో బ్రెంట్ అని ఒకడు.
రేపు పొద్దుటికల్లా డబ్బు, మేడమ్.
ఇది అప్పే కాదు, మేడమ్. వడ్డీ అనే మాటే లేదు.
ఇరవైకి ఇరవయ్యేడు, ఆరు నెలలు,
రోజుకు రెండొందల ఎనిమిది, శని ఆదివారాలు సెలవు.
వింటే పాలవాడి ఖాతాలా ఉంది.

సుద్దముక్క తీసి
నల్లగుడ్డ మీద లెక్క కట్టాను.
ఇంగ్లీషులో కడితే ఎక్కడా దొరకలేదు.
అప్పుడు తెనాలి బజారులో అడిగినట్టు అడిగాను:
నూటికి నెలకెంత?
మొదట ఆరు రూపాయలని తేలింది.
ఆగవే వకుళా,
అసలు రోజూ తరుగుతోంది, వడ్డీ తరగడం లేదు కదా.
మళ్ళీ కట్టాను. పది దాటింది.
పది రూపాయల వడ్డీ!
అయిదు రూపాయలకు తిప్పే పేరయ్య వీధిలోకొస్తే
అరుగుల మీద మాటలాగిపోయేవి.
వీడు పద్నాలుగుసార్లు మేడమ్ అన్నాడు.

బట్టకు ప్రాణం లోపలి మడతలో ఉంటుంది.
కుట్టుకవతల వేలెడు వదలాలి,
రేపు ఒళ్ళొస్తే విప్పుకోవడానికి.
బ్రెంట్ కత్తిరింపులో ఆ వేలెడు లేదు.
ఒక్క వారం మంచు ముంచెత్తి మనుషులు రాకపోతే
కుట్టు చర్మం మీదే పడుతుంది.

మిల్వాకీ అవెన్యూలో ఒక చిన్న క్రెడిట్ యూనియన్.
విజోరెక్ అనే పెద్దావిడ,
స్వెట్టర్ మోచేతి దగ్గర రఫూ.
మంచి రఫూ. అది చూసే కూర్చున్నాను.
లెక్కల పుస్తకం అడిగింది.
నా దగ్గరున్నది కొలతల పుస్తకం.
ఛాతీ ముప్ఫయ్యారు, నడుము ముప్ఫై,
అడ్వాన్సు పది, బాకీ పదిహేను,
కడుపుతో ఉన్నవాళ్ళ పక్కన చుక్క.
పేర్లు తెలుగులో. అంకెలు అందరివీ.
ఆవిడ బాకీల కింద వేలు నడిపింది.
"వీళ్ళంతా తిరిగి కట్టారా?"
కొట్టేసినవన్నీ కట్టినవే.
కొట్టేయనివి మూడు.
అందులో ఒకామె చనిపోయింది.

పన్నెండు వేలే ఇస్తానంది, మూడేళ్ళకు.
నూటికి కట్టుకున్నాను: రూపాయికి పిసరు తక్కువ.
వ్యక్తిగత హామీ అన్నచోట పెన్ను ఆగింది.
దుకాణం పోతే మనిషి మిగలకూడదని
ఎంత మర్యాదగా రాశారో.
చాలాసేపటికి సంతకం పెట్టాను.

సిసెరోలో మూతబడ్డ లాండ్రీ బాయిలర్
పదకొండు వేల నాలుగొందలకు దొరికింది.
కడుపులో గులకరాయి ఉన్నట్టు చప్పుడు.
రెఫూహియో చెవి ఆనించి విని
"సర్లే" అంది. తెలుగులోనే.

బ్రెంట్ ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు.
నిన్న గొంతు జలుబు చేసినట్టుంది.
కోటు పల్చనిదేమో అనుకుని
పెట్టేశాను.